సంతకం ఎవరిది, సూది ఎవరికి?

(హాస్టల్ పిల్లల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



చీకటి పడకముందే వాగు దాటాల్సినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. కాబట్టి సోది లేకుండా సంగతికే వస్తాం.

మన జనం దవాఖానకు రారు, సూదంటే పారిపోతారు, పసరు మందులతో రోగం ముదరబెట్టుకుంటారు అని డాక్టర్లు అంటుంటారు. దానికి వాళ్లు పెట్టిన పేరు మూఢనమ్మకం. మేం అడిగేది ఒకటే. మనకు నమ్మకం లేదంటున్నారు సరే, ఆ నమ్మకాన్ని పోగొట్టిందెవరు?

బాబాసాహెబ్ తన రాతల్లో ఒక అంటరాని బడిపంతులు ఉత్తరం గురించి చెప్పారు. 1929 డిసెంబరులో గాంధీ గారి ‘యంగ్ ఇండియా’ పత్రికలో అచ్చయిన ఉత్తరం అది. ఊరు గుజరాత్ కాఠియావాడ్‌లో. పంతులు భార్య పచ్చి బాలింత, జబ్బు చేసింది. డాక్టరు వాడకు రానన్నాడు. ఊరి పెద్దల్ని బతిమాలి, ఫీజుకు పూచీ ఇప్పిస్తే వచ్చాడు గానీ వాడలో అడుగు పెట్టలేదు. బాలింతనే బయటికి తెమ్మన్నాడు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన పంతులుకిచ్చాడు, పంతులు భార్యకు పెట్టి మళ్లీ అదే దారిన వెనక్కి ఇచ్చాడు. న్యుమోనియా అని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు. రెండోసారి రానన్నాడు. ఆమె చచ్చిపోయింది.

పాత సంగతి కదా అంటారు. 2001–02లో 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగి అంటరానితనం మీద సర్వే చేశారు. మూడు ఊళ్లకు ఒక ఊళ్లో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు పోవడం లేదని తేలింది. అంతెందుకు, మా సంగతే చెప్తాం. మాలో ఒకరి తల్లిని జ్వరంతో ఒక దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు బల్ల అవతల నుంచే ‘ఏ ఊరు, ఎవరోళ్లు?’ అన్నాడు. వాడ పేరు చెప్పగానే చీటీ రాశాడు. చెయ్యి పట్టి చూడలేదు. ఆమె బయటికొచ్చి, చీటీ కొంగున ముడేసుకుని ‘నా జరం ఆయనకెట్ల తెల్సిందిరా?’ అంది. ఆ మందు మింగలేదు. రేపు ఆ డాక్టరు చెప్పే లెక్కలో ఈమె కూడా మూఢనమ్మకపు ముసలమ్మే.

ఇక మన గడ్డ మీద జరిగిన దానికి వద్దాం. 2009 జులై. అప్పుడింకా ఉమ్మడి ఖమ్మం జిల్లా. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గార్డసిల్ అనే టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్‌ను ఆపే టీకా అది. మందు అమెరికా మెర్క్ కంపెనీది. నడిపింది ‘పాత్’ అనే అమెరికా సంస్థ. డబ్బు బిల్ గేట్స్ ఫౌండేషన్‌ది. పక్కన భారత వైద్య పరిశోధన మండలి, మన రాష్ట్ర సర్కారు. సుమారు 14 వేల మంది పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలో మరో కంపెనీ టీకాతో ఇదే పని జరిగింది.

పిల్లలు ఎక్కడ దొరుకుతారు? ఆశ్రమ పాఠశాలల్లో, సంక్షేమ హాస్టళ్లలో. కోయ పిల్లలు, మాల మాదిగ పిల్లలు, ముస్లిం పిల్లలు, బీసీ పిల్లలు. ఒక్క గంట కొడితే వందమంది వరసలో నిలబడతారు. అమ్మానాయన ఎక్కడో మిరప చేలో, తునికాకు కల్లంలో ఉంటారు. ప్రయోగమైనా, పరిశీలనైనా, దానికి కన్నవాళ్ల ఒప్పుదల కావాలి. ఆ ఒప్పుదల ఎవరిచ్చారో 2013 ఆగస్టు 30న పార్లమెంటు ముందు పెట్టిన స్థాయీ సంఘం నివేదిక చెప్పింది. మన రాష్ట్రంలో 9,543 అంగీకార పత్రాలు చూస్తే 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. తల్లిదండ్రుల బదులు హెడ్మాస్టర్లు సంతకం చేయొచ్చని పైనుంచే ఉత్తర్వు పోయిందట. బువ్వ పెట్టే వార్డెన్ బిడ్డను కన్నవాడయిపోయాడు!

వేలిముద్ర వేసినవాళ్లకైనా ఏం చదివి వినిపించారు? పిల్లల చేతికిచ్చిన కార్డు ఇంగ్లీషులో ఉంది. దాని మీద సర్కారు ఆరోగ్య మిషన్ గుర్తు వేశారు. అది చూసి ఇది కూడా పోలియో చుక్కల్లాంటిదే అనుకున్నారు జనం. సూది తర్వాత ఏమైనా అయితే చూసుకునే ఏర్పాటు సరిగా లేదు, బీమా లేదు. ఈ మాటలు మావి కావు, పార్లమెంటు సంఘానివి.

రెండు జిల్లాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా సంఘాలు లేచాయి. ఢిల్లీ నుంచి ‘సమ’ సంస్థ వాళ్లు 2010 మార్చిలో భద్రాచలం వచ్చి తిరిగారు. ఏప్రిల్‌లో పని ఆపేశారు. చావులకు టీకా కారణమని తేలలేదని సర్కారు వేసిన విచారణ సంఘం చెప్పింది. పురుగుమందు, పాము కాటు, నీళ్లలో పడటం లాంటి కారణాలు చెప్పారు. ఇక్కడ మేం మనవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. సూదే చంపిందని మనలో కొందరు ఊరూరా చెప్పారు. ఆ మాట మేం అనం. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో కోట్ల మంది ఆడపిల్లలకు ఈ టీకా పడింది, పనిచేస్తున్నదని రుజువైంది. సిక్కింలో 2018లో సర్కారే బడి పిల్లలకు వేసింది. మన దేశంలో తయారైన టీకా 2023లో వచ్చింది. టీకా మంచిదే. మా తగువు టీకాతో కాదు. మంచి మందే అయితే మమ్మల్ని అడిగి ఎందుకు వేయలేదన్నది మా తగువు.

కేసు సుప్రీంకోర్టుకు పోయింది. పార్లమెంటు సంఘం నివేదికను కోర్టు చూడొచ్చా లేదా అన్నది పెద్ద తగాదా అయి కూర్చుంది. చూడొచ్చని ఐదుగురు జడ్జీలు 2018 మే 9న తేల్చారు. కాగితం చూడటానికే ఇన్నేళ్లు.

ఇది మనకొక్కరికే జరిగిందనుకోకండి. అమెరికాలో అలబామా రాష్ట్రం, టస్కెగీ. 1932లో మొదలుపెట్టి 40 ఏళ్లపాటు సర్కారు డాక్టర్లే సుమారు 600 మంది నల్లజాతి పేదలను పరిశీలనలో పెట్టారు. అందులో 399 మందికి సిఫిలిస్ రోగం. చెడు రక్తానికి వైద్యం చేస్తున్నామని చెప్పి, రోగం ముదిరితే ఏమవుతుందో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్‌తో నయమవుతుందని తెలిశాక కూడా ఇవ్వలేదు. 1972లో పత్రికలో బయటపడింది. (మన దళిత పాంథర్స్ బొంబాయిలో పుట్టిన ఏడాదే.) 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పాడు. మన ఖమ్మం పిల్లల తల్లులకు ఎవరైనా క్షమాపణ చెప్పారా?

నల్లవాళ్లకూ మనకూ ఇంకో చుట్టరికం ఉంది. సికిల్ సెల్ జబ్బు. రక్తకణాలు కొడవలిలా వంగిపోయి, కీళ్లు, ఎముకలు పగిలిపోయేంత నొప్పి. మలేరియా తరతరాలుగా ఉన్న చోట పుట్టింది. ఆఫ్రికావాళ్లకుంది, మన ఆదివాసులకూ ఉంది. అమెరికాలో సర్కారు పట్టించుకోకపోతే బ్లాక్ పాంథర్లే 1971లో వీధుల్లో బల్లలు వేసి రక్తపరీక్షలు చేశారు. అక్కడ నొప్పితో వచ్చిన నల్లవాడిని మత్తుమందు కోసం వచ్చాడంటారు. ఇక్కడ గూడెం పిల్ల మెలికలు తిరిగితే నాటకమంటారు, గాలి సోకిందంటారు. మన దేశంలో దీని మీద మిషన్ పెట్టింది 2023లో. మీ పిల్లలకు పరీక్ష అయిందా? చేతులెత్తండి. చూశారా, ఎంతమంది!

డాక్టర్లందరూ చెడ్డవాళ్లని మేం అనడం లేదు. వానాకాలం మోకాటి లోతు బురదలో జ్వరాల గూడేలకు నడిచి పోయే ఏఎన్ఎం అక్కలు మనకు తెలుసు. అట్లాంటి అక్క చెప్తే మన ఆడవాళ్లు వింటారు. ఆమె మంచం మీద కూర్చుంటది, మన నీళ్లు తాగుతది, పేరు పెట్టి పిలుస్తది.

అసలు నష్టం ఎవరికో చూడండి. గర్భసంచి మూతి క్యాన్సర్ మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రెండో స్థానంలో ఉంది. మన తల్లులు తెల్లబట్ట, రక్తం, వాసన అన్నీ దాచుకుని, నడుం విరిగాక గానీ హైదరాబాద్ ఎంఎన్‌జే దవాఖాన మెట్లెక్కరు. అప్పటికి చేసేదేం ఉండదు. 2009లో వాళ్లు మన మీద చేసిన పనికి భయపడి, ఆ టీకా మళ్లీ హాస్టల్ గేటు దగ్గరికొచ్చినప్పుడు మనం పిల్లల్ని దాచేస్తే, చచ్చేది మన పిల్లలే.

అందుకే మేం అనుకున్నది ఇది. ఏ హాస్టల్లోనైనా సూది వేస్తామని కాగితమొస్తే ముందు ఆ కాగితం గూడేనికి రావాలి. తెలుగులో చదవాలి, కోయ భాషలో చెప్పాలి. ఏం మందు, ఎవరిది, ఎన్నిసార్లు, ఏమైనా అయితే ఏ డాక్టరు వస్తాడు, అది ప్రయోగమా మామూలు టీకానా అని అడగాలి. ప్రయోగాల్లో నష్టం జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలని 2013లోనే నిబంధన వచ్చింది. అది గట్టిగా చెప్పాలి. వార్డెన్ సంతకం చెల్లదని ముందే రాతలో ఇవ్వాలి. అన్నీ తెలిశాక మనసొప్పితే వేయించుకుందాం. మేమూ మా పిల్లలకు వేయిస్తాం.

ఒక్కో హాస్టల్‌కు ఇద్దరు తల్లులు, ఒక చదువుకున్న పిల్ల కావాలి. కాగితం చదివి చెప్పే పని వాళ్లది. వాగు అవతలివాళ్లు ముందు పేర్లిచ్చి బయల్దేరండి, నీళ్లు పెరుగుతున్నాయంటున్నారు. మిగతావాళ్లు కాసేపు కూర్చోండి, రాసుకుందాం.