కలివికోడిని చూసినవాళ్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇంజనీరువి కదా, వంతెనల గురించో కాలువల గురించో చెప్పమన్నారు. కాలువ సంగతి చివర్లో వస్తుంది. ముందు ఒక పిట్ట గురించి చెబుతాను.

మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డాన్ మన ప్రాంతంలో చూసిన పిట్ట అది. 1848లో శాస్త్రగ్రంథాలకెక్కింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించిందని రాసుకున్నారు. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా పక్షి శాస్త్రజ్ఞులెవరికీ కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు.

బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మళ్లీ వెతుకుతూ, పిట్ట బొమ్మ పట్టుకుని కడప జిల్లా పల్లెల్లో తిరిగారు. రెడ్డిపల్లె దగ్గర రాత్రిపూట వేటకెళ్లే ఐతన్నకు ఆ పిట్ట తెలుసు. 1986 జనవరిలో టార్చి వెలుగులో చిక్కినదాన్ని ప్రాణంతో పట్టుకొచ్చాడు. ఛాతీ మీద రెండు పట్టీలు, ఎగరడం కన్నా పరుగెత్తడమే ఇష్టపడే పొడుగు కాళ్లు. అదే! పాపం, అది ఎక్కువ కాలం బతకలేదు. సొసైటీ తరఫున వెతికిన భరత్ భూషణ్ పేరు పుస్తకాల్లో ఉంది. ఐతన్న పేరూ ఉంది, అది నాకు సంతోషం.

నన్ను పట్టుకున్నది దాని పేరు. కలివి పొదల్లో తిరిగే కోడి కాబట్టి కలివికోడి. చచ్చిపోయిన పిట్టకు పల్లెలో వాడుక పేరు మిగులుతుందా? పేరుందంటే చూసినవాళ్లున్నారనేగా. వాళ్లను అడిగినవాళ్లే లేరు.

తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుల గుర్తులు చూశారు, కెమెరాలు పెట్టారు, రాత్రిళ్లు దాని కూత కోసం చెవులు రిక్కించారు. సాక్ష్యం అంటే ఒక్క కన్ను కాదని నాకప్పుడు అర్థమైంది. మా సర్వే పనిలోనూ అంతే, ఒక్క రీడింగును నమ్మం.

ఇక కాలువ. 2005లో తెలుగుగంగ పనులకు యంత్రాలు ఆ పొదల్లోకి దిగాయి. అభ్యంతరాలొచ్చాయి, కాలువ దారి మార్చారు. కొందరు తోటి ఇంజనీర్లు "ఒక్క పిట్ట కోసమా!" అని విసుక్కున్నారు. రాయలసీమకు నీళ్లు అక్కర్లేదని నేననను, అనలేను. కానీ కాలువ గీత గీసేటప్పుడు మా మ్యాపులో గుట్టలున్నాయి, చెరువులున్నాయి, కలివి పొదలు మాత్రం ఖాళీ స్థలం.

2009 తర్వాత చాలా ఏళ్లు నమ్మదగిన ఆచూకీ దొరకలేదు. మళ్లీ అదే మాట వినపడింది, అంతరించిందేమోనని. ఈసారైనా ఆ మాట రాసేముందు గొర్రెలు మేపేవాళ్లను, కట్టెలకు వెళ్లేవాళ్లను కూర్చోబెట్టి అడగాలి. మన బడిలో చదివినవాళ్లు ఆ వైపు ఉద్యోగాల్లో ఉన్నారు. ఈ సభలోనూ ఒకరిద్దరున్నారు. భోజనాల దగ్గర నాకు కనపడండి.