మాత్రలు మానకండి

బైపాసులో నా కాలి సిర తీసి గుండెకు అతికారు. 1967లో క్లీవ్‌లాండ్‌లో డాక్టర్ ఫవలోరో గారు మొదలుపెట్టిన పద్ధతి ఇది. కాలిలో తక్కువ ఒత్తిడికి అలవాటైన సిర అది, గోడ పలచన. ధమనిలోని ఒత్తిడి మీద పడేసరికి లోపలి పొర దెబ్బతిని దళసరెక్కుతుంది, కొవ్వు చేరుతుంది. పదేళ్లలో దాదాపు సగం సిరలు మూసుకుపోతాయని వైద్యుల లెక్క. ఛాతీ లోపలి ధమనిని వాడితే అంతకన్నా బాగా మన్నుతుంది.

నొప్పి లేదు కదా అని ఆస్పిరిన్, కొలెస్టరాల్ మాత్రలు మానేశాను. పింఛనులో పొదుపనుకున్నాను! ఒకనాడు బాటసింగారం పండ్ల మార్కెట్టులో బత్తాయిల సంచి ఎత్తగానే ఆయాసం. ఒక సిర సగం పూడిందన్నారు. మాత్రలు మానినందుకేనా అంటే, అదొక్కటే కారణమనలేనన్నారు డాక్టరు. మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు.

డాక్టరును అడగనిదే ఏ మాత్రా ఆపకండి. చుట్ట, సిగరెట్టు మానండి. బీపీ, షుగరు చూపించుకోండి. మా ఇంట్లో మాత్రల డబ్బా ఇప్పుడు ఆవిడ చేతిలోనే ఉంది.