కొండకు ఇవ్వాల్సిన గడువు

 

నేల, నీరు, అడవి చెడినప్పుడు సమాజాలు ఎలా కూలిపోతాయన్నది మన అరకు సదస్సు విషయం. ఈ మాట ఎత్తగానే అందరూ ఈస్టర్ దీవిని తలుస్తారు. ఉన్న చెట్లన్నీ నరుక్కుని ఆ దీవివాసులు తమ గోతిని తామే తవ్వుకున్నారన్న కథను జారెడ్ డైమండ్ 2005లో రాసిన 'కొలాప్స్' పుస్తకం లోకమంతా చాటింది. చెట్లు పోయిన మాట నిజం. కానీ 1862లో పెరూ నుంచి వచ్చిన ఓడలు ఆ జనాన్ని బానిసలుగా పట్టుకుపోయాయి. తిరిగి రాగలిగిన కొద్దిమంది వెంట మశూచి దిగింది. 1877 నాటికి దీవిలో మిగిలింది 111 మంది. ఇప్పుడు కొందరు పరిశోధకులు ఆ పాత కథనే ప్రశ్నిస్తున్నారు. నష్టపోయినవాడి మీదే నేరం మోపే ఇలాంటి కథ మన మన్యానికీ ఒకటుంది. కొండల్ని బోడి చేసింది పోడు కొట్టిన గిరిజనుడేనన్నది ఆ కథ.

పోడు ఎలా కొడతారో ఒకసారి దగ్గరగా చూద్దాం. చెట్టును మొదలంటా నరకరు, మోకాలెత్తున మోడు వదులుతారు. ఇప్ప, పనస, మామిడి, చింత, జీలుగు చెట్ల జోలికి పోరు. కొట్టిన కంపను ఎండాకాలంలో కాల్చి, తొలకరికి సామ, చోడి, జొన్న, కంది కలిపి చల్లుతారు. ముందు సామ చేతికొస్తుంది, తర్వాత చోడి, చలికాలానికి కంది. వాన ఒక పంటను ముంచినా ఇంకొకటి కడుపు నింపుతుంది. రెండు మూడేళ్లు పండించాక ఆ వాలును వదిలేస్తారు. మోళ్లు చిగురించి, ఆకు రాలి, మట్టి మళ్లీ నల్లబడేదాకా అటు కత్తి పట్టుకుపోరు. ఆ గడువు ఒకప్పుడు పదేళ్ల పైమాటేనని పెద్దలు చెబుతారు.

అనంతగిరి వాలులో ఒక ముసలమ్మ వెంట నడుస్తుంటే, మోడు నుంచి లేచిన కొమ్మను ఆమె గుప్పిట పట్టి చూసింది. వేళ్లు కలిశాయి. "ఇంకా పసిదే బాబూ. ఇప్పుడే కొట్టీసినామంటే రేపు కొండ మనకేటి పెడతాది?" అంది. ఆ గుప్పిటే ఆమె కొలబద్ద. మామిడి కొత్త పండగ చెయ్యనిదే కాయ నోట పెట్టకపోవడం కూడా అలాంటి కట్టడే. కాయ ముదిరి, టెంక గట్టిపడే దాకా చెట్టుకు గడువిచ్చే పద్ధతి అది.

మరి ఆ గడువు ఎందుకు తరిగిపోయింది? 1879లో కల్లు గీతపై పన్ను, అడవిపై ఆంక్షలు, కోర్టు కాగితాలతో షావుకార్లు చేసిన జప్తులు కలిసి రంప తిరుగుబాటుగా రగిలాయి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు హద్దురాళ్లు పడ్డాయి. తిరగడానికి వాలులు తగ్గాయి. పదేళ్లకు రావలసిన చోటికి మూడు నాలుగేళ్లకే తిరిగి రావలసి వచ్చింది. మట్టి కొట్టుకుపోయింది, చోడి గింజ తగ్గింది. వానాకాలం ఆకలి నెలల్లో మామిడి టెంకల అంబలే గతి అయిన ఇళ్లు ఎన్నో. దాని మీద సర్కారువాళ్లు కూలి ఎగ్గొట్టి నర్సీపట్నం, చింతపల్లి, లంబసింగి దారిలో రోడ్డు పనికి తోలారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు ఠాణా మీద పడిందంటే, దాని వెనక ఈ ఆకలి ఉంది.

జనం పెరిగిన మాట కూడా దాచకూడదు. అది కూడా నేల మీద పడ్డ బరువే. అయితే మాచ్‌ఖండ్‌లో 1955లో వెలిగిన కరెంటు కోసం జలాపుట్ జలాశయం నీళ్ల కింద మునిగింది కొండవాళ్ల పల్లపు పొలాలే. బరువు మోసేవాడు ఒకడు, దాన్ని పెంచేవాడు మరొకడు అయ్యారు. నేను చెప్పదలచినదల్లా ఇదే: వనరు తరిగినంత మాత్రాన సమాజం కూలదు. గడువు ఎంతివ్వాలో తెలిసినవాళ్ల చేతిలోంచి ఆ గడువిచ్చే హక్కు జారిపోయినప్పుడు కూలుతుంది.

ఆ హక్కు నిలిచినచోట కొండ నిలిచింది. బొర్రా ప్రాంతపు గనుల లీజులపై నడిచిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతర కంపెనీలకు లీజుకివ్వడం ప్రభుత్వానికి కూడా చెల్లదంది. 2013లో ఒడిశా నియమగిరిలో పన్నెండుకు పన్నెండు గ్రామసభలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. బాక్సైట్ పొర వాననీటిని పీల్చుకుని, కింద ఊటలుగా వదులుతుంది. గెడ్డలకు ఎండాకాలంలోనూ ప్రాణం పోసేది ఆ ఊటలే. మన అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల్లోంచి పారి తాటిపూడికి చేరుతుంది, అక్కడి నీళ్లు విశాఖ తాగుతుంది. పైన ఊట ఎండితే కింద కుళాయి ఎండుతుంది.

ఇప్పుడు కాఫీ అరకు లోయకు డబ్బూ పేరూ తెచ్చింది, అడవి నీడనూ నిలిపింది. సంతోషమే. కానీ 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను సిల్వర్ ఓక్ చెట్లను కాఫీ మొక్కల మీద కూల్చింది. ఒకే రకం నీడ, ఒకే పంట మీద బతుకు పెట్టుకుంటే ఏమవుతుందో ఆ తోటలు చూపించాయి. సామ, చోడి, కంది కలిపి చల్లిన ఆ పాత చేతికి ఈ సంగతి ముందే తెలుసు.

మిత్రులారా, ఈ ఎరుక అంతా కువి, గదబ, పోర్జ మాటల్లో ఉంది. గిడుగు రామమూర్తి గారు సవరల మధ్య కూర్చుని వాళ్ల భాష నేర్చి, 1931లో సవర భాషకు వ్యాకరణగ్రంథం వెలువరించారు. మనం ఆ దారిలో నడవాలి. వాలుకు, ఊటకు, మోడు వయసుకు ఈ భాషల్లో ఉన్న మాటలను ఆ ఊళ్ల పిల్లల చేతే రాయించి, వాళ్ల బడి పుస్తకాల్లోకి తేవాలి. వచ్చే ఏడు మనం మళ్లీ కలిసేటప్పుడు ఈ వేదిక మీద మొదటి పత్రం అనంతగిరి ముసలమ్మ లాంటివాళ్లు తమ భాషలో చెప్పింది కావాలి. మనం కింద కూర్చుని విందాం, రాసుకుందాం.