పసరు మహిమ

ముదినేపల్లిలో మా బంధువుల ఇంట ఒక ఇల్లాలికి, 30 ఏండ్లు నిండకముందే, ఒకనాటి ఉదయం కుడికన్ను మసకబారినది. ఎవరో పసరు పోసినారు. నెల తిరిగేసరికి చూపు వచ్చినది. పసరు ఖ్యాతి పొరుగూళ్లకు పాకినది. మరుసటి ఏట ఆమె కాళ్లు తిమ్మిరెక్కి నడక తడబడినది. అప్పుడు గాని ఎం.ఆర్.ఐ. పరీక్ష జరుగలేదు. వ్యాధి మల్టిపుల్ స్క్లిరోసిస్ అని తేలినది.

ఈ పేరు శ్రోతలలో పలువురికి కొత్తది కావచ్చును. 1868లో పారిస్ వైద్యుడు షార్కో దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించినాడు. విద్యుత్తీగకు తొడుగున్నట్లే మన నరాల పోగులకు మైలిన్ అనే పొర ఉన్నది. దేహాన్ని కాపాడవలసిన కణాలే పొరబడి, మెదడులోను, వెన్నుపాములోను, కంటినరంలోను ఆ పొరను దెబ్బతీస్తాయి. కొన్నాళ్లకు వాపు తగ్గుతుంది, పొర కొంత మరల అల్లుకొంటుంది, రోగి తేరుకొంటాడు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. వానలకు పొంగిన కొల్లేరు వేసవికి తనంత తానే తీస్తుంది. ఆ సమయాన ఒడ్డున మంత్రం చదివినవానికి ఘనత దక్కుతుంది.

కనుకనే పరిశోధకులు రోగులను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి మందును, మరొక వర్గానికి అచ్చంగా అట్లే కనబడే ఉత్తి బిళ్లను ఇస్తారు. ఎవరికి ఏది అందినదో రోగికీ తెలియదు, పరీక్షించే వైద్యునికీ తెలియదు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధక బృందం నుండి వెలువడిన మెథోట్రెక్సేటు కూడ ఈ త్రాసు ఎక్కవలసి వచ్చినది. క్రమంగా ముదిరే రకం వ్యాధిగల 60 మందిపై అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితం 1995లో వెలువడినది. చేతుల పనితనం క్షీణించడం కొంత నెమ్మదించినది. నడకకు చెప్పుకోదగిన మేలు కలుగలేదు. మనవారి మందు గదా అని మాకు కొంత చిన్నతనం తోచిన మాట నిజం.

ఇట్టి పరీక్షలలో నెగ్గియే 1993లో ఇంటర్‌ఫెరాన్ బీటా, 2017లో ఓక్రెలిజుమాబ్ అమెరికాలో అనుమతి పొందినవి. ఇవి వ్యాధి దాడులను తగ్గిస్తాయి. పోయిన శక్తిని తిరిగి తేలేవు. కారణం సంగతి చూస్తే, ఎప్‌స్టీన్-బార్ వైరసు సోకినవారికి ఈ వ్యాధి వచ్చే అవకాశం 32 రెట్లు పెరుగుతున్నదని, కోటిమందికి పైగా అమెరికా సైనికుల వివరాలను పరిశీలించి హార్వర్డు పరిశోధకులు 2022లో తెలిపినారు. అయితే ఆ వైరసు పెద్దవారిలో దాదాపు అందరికీ సోకేదే. వ్యాధి బహు కొద్దిమందికి మాత్రమే వస్తున్నది.

ముదినేపల్లి ఇల్లాలు ఇప్పుడు క్రమంగా మందు వాడుతున్నది. పసరు సంగతి అడుగవచ్చిన వారిని కూర్చుండబెట్టి, తన ఎం.ఆర్.ఐ. ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి చూపుతున్నది.