పొలిమేరకు ఇవతల 307, అవతల 370

(రామసముద్రంలో విద్యార్థులు, ఉద్యోగులు, కూలీలు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

పొద్దున కరువు పనికి పోయి అటు నుంచి అటే ఇక్కడికొచ్చిన అక్కలారా, అన్నలారా,

మేము పేపరోళ్లం. మైకిస్తే అంకెలు చెప్పడం మాకు అలవాటు. ఈ రోజు మొదట మూడే అంకెలు చెప్తాం. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలు. మన పొలిమేర దాటి కోలారు జిల్లాలో అడుగుపెడితే అదే ఏడు, అదే పార, అదే తట్ట, కూలి మాత్రం 370. కుప్పం దాటి కృష్ణగిరి వైపు పోతే 336. మూడు రాష్ట్రాలు కలిసే మూలలో బతుకుతున్న వాళ్లం మనం. ఎండ ఒకటే, మట్టి ఒకటే, పొలిమేరకు అటూ ఇటూ చుట్టరికాలు కూడా ఉన్నాయి. అక్కను కోలారు జిల్లాలో ఇచ్చి చెల్లెలిని ఇక్కడే ఇచ్చిన ఇళ్లు ఎన్ని లేవు? అక్క పార విలువ చెల్లెలి పార కంటే 63 రూపాయలు ఎక్కువ ఎట్లా అయింది? నూరు రోజులు పని దొరికితే 6,300 రూపాయల తేడా అది.

ఇది దేవుడు గీసిన గీత కాదు. 2009 జనవరిలో కేంద్రం ఉపాధి కూలిని కనీస వేతనాల చట్టం నుంచి విడదీసింది. ఆ తరువాత ధరల సూచీని బట్టి ఏటా ఇంత అని పెంచుతూ వచ్చింది. రాష్ట్రానికో కూలి అయింది. అవతలి వాళ్లకు 370 ఎక్కువని మేం అనడం లేదు, అది కూడా చాలదు. మనకు 307 ఏ లెక్కన సరిపోతుందో చెప్పమంటున్నాం.

మన ఊరి పేరు చూడండి. సముద్రం ఎక్కడ, పడమటి మండలాలెక్కడ! సీమలో చెరువును సముద్రమన్నారు మన పెద్దలు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రమూ అట్లాంటిదే. వాన తక్కువైన చోటే చెరువుకు అంత పెద్ద పేరు పెట్టుకున్నారు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. ఆ చెరువు కట్టడానికి రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలే బండ్లు నూరు, రెండేళ్లు పట్టిందని అందులో చెక్కారు. కట్టించిన రాకుమారుడి పేరుతో పాటు కూలీల లెక్క కూడా రాతి మీద నిలబడింది. ఈ కాలపు శిలాఫలకాల మీద కూలీల లెక్క ఎక్కడైనా చూశారా?

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీని దేశంలో మొదట ప్రారంభించింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. తొలి విడత 200 జిల్లాల్లో అప్పటి మన చిత్తూరు జిల్లా ఉంది. ఆ చట్టంలో ప్రాణం ఒకే మాటలో ఉండేది: అడిగినవాడికి పదిహేను రోజుల్లో పని ఇవ్వాలి, ఇవ్వకపోతే భృతి కట్టాలి. బడ్జెట్ అయిపోయిందని చెప్పే దారి ఆ చట్టంలో ఉండేది కాదు. ఆచరణలో ఎన్ని దారులు వెతికారో మీకు మేం చెప్పాలా? అయినా కూలి ఆలస్యమైతే అడగడానికి ఒక కాగితం ఉండేది. ఆసామి ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడే అవసరం కొంత తగ్గింది. బెంగళూరు బస్సు ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు, కాదనం. కానీ ముసలి తల్లిదండ్రులు, చంటిబిడ్డల తల్లులు ఊళ్లో ఉండి నాలుగు రూపాయలు చూశారు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టాన్ని తీసేసి కొత్తది చేసింది. 125 రోజులు ఇస్తామన్నారు. వినడానికి బాగుంది. ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలన్నారు. ఏ రాష్ట్రానికి ఎంతో కేంద్రమే ముందుగా లెక్క కడుతుంది, దాటితే ఆ పైన భారమంతా రాష్ట్రానిది. మిత్రులారా, కరువు ముందుగా లెక్క కట్టుకుని వస్తుందా? వానలు ఎగ్గొట్టిన ఏడాదే పని అడిగేవాళ్లు పెరుగుతారు, ఆ ఏడాదే రాష్ట్రం ఖజానా కూడా చిక్కిపోతుంది. ఆ సమయంలో నలభై శాతం ఎక్కడ నుంచి తెస్తారు? రోజులు పెంచి, అడిగే హక్కును పరిమితిలో పెట్టడం మాకు అర్థం కాని ఉదారత.

వ్యవసాయ పనుల కాలంలో అరవై రోజులు ఈ పనులు ఆపాలని కూడా ఉంది. ఎవరి వ్యవసాయం? డెల్టాలో నాట్ల కాలం వేరు, మన శనక్కాయ విత్తే కాలం వేరు. మదనపల్లె మార్కెట్టుకు టమాటా తోలే పల్లెల్లో పంటకు కాలమే లేదు. అది కూడా ఎట్లాంటి పంట? 2023 జూలైలో మొదటి రకం కిలో 200 దగ్గరికి పోయింది. ధర లేని రోజుల్లో అదే టమాటాను కోత కూలి రాక రోడ్డు పక్కన పారబోస్తారు. కోత లేని రోజు కూలికి ఏం మిగులుతుంది? ప్రాంతాన్ని బట్టి ఆ అరవై రోజులు వేరువేరుగా ప్రకటించుకునే వీలుంది కదా, అయితే గ్రామసభను అడిగి ప్రకటించండి. విజయవాడలో కూర్చుని మా విత్తనాల తేదీ రాయొద్దు.

ఇప్పుడు ఉద్యోగ మిత్రులకు ఒక మాట. కోపం తెచ్చుకోవద్దు. ‘కూలీలు దొరకడం లేదు, ఈ పథకం సోమరుల్ని చేసింది’ అని టీ కొట్టు దగ్గర అనేది ఎక్కువగా మన వాళ్లే. 1972 కరువులో మహారాష్ట్ర ఈ పని హామీని మొదలుపెట్టింది. దాని కోసం పట్నంలో జీతగాళ్ల మీద వృత్తి పన్ను వేసింది. నెల జీతం వచ్చేవాడు వాన మీద బతికేవాడికి ఇంత ఇవ్వాలన్న ఆలోచన అది. మీ జీతం చీటీలో నెలనెలా 200 రూపాయల వృత్తి పన్ను కోత ఉంటుంది చూడండి, అట్లాంటి పన్నే అది. ఇంకా పైకి పోతే, 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మందికే పోయిందని ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. మీ 200 దగ్గర ఆగకుండా అక్కడి నుంచి తీసుకోమని అడుగుదాం.

ఎండ సంగతి ఎవరూ మాట్లాడరు. ఉమ్మడి రాష్ట్రంలో వేసవి భత్యమని ఎండ ముదిరిన నెలల్లో కొలతకు 30 శాతం దాకా కలిపేవారు. గట్టిపడిన నేల తవ్వలేరని, వడదెబ్బ తగులుతుందని. ఎండలు పెరిగే కొద్దీ అట్లాంటివి పెరగాలి. పెరిగిందేమిటి? 2023 జనవరి నుంచి సెల్‌ఫోన్‌లో పూటపూటకూ ఫొటో. గుట్ట చాటున సిగ్నల్ లేకపోతే చేసిన పని చేయనట్టే. మేం పని చోట తిరిగినప్పుడు మేటు ఒకామె ఫోను పైకెత్తి కట్ట మీద అటూ ఇటూ నడుస్తోంది. మిగిలినవాళ్లు నీడ లేక కొంగు నెత్తిన కప్పుకుని ఎదురు చూస్తున్నారు.

ఇంటి ముచ్చట కూడా ఇందులోదే. 2020 డిసెంబరులో పల్లెల్లో ఇచ్చిన పట్టా ఒకటిన్నర సెంటు, అంటే 72 గజాల చిల్లర. ఇల్లు కట్టుకుంటారు సరే, ఆవును ఎక్కడ కట్టేయాలి? పడమటి మండలాల్లో పాల డబ్బే సగం సంసారం. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెలో మూడు సెంట్లన్నది. ఆ మాట నిలబెట్టుకోమనాలి. కొలిచి తీసుకోవాలి.

మన ఉద్యమం నీళ్ల మీద మాట్లాడినంత కూలి మీద మాట్లాడలేదు. ఇది మా తప్పు కూడా. ఏ రాష్ట్రంలో ఉన్నా ఆ నలభై శాతం ఆ రాష్ట్రమే కట్టాలి. నీళ్లు అడిగే గొంతుతోనే చెరువు పూడిక తీసేవాళ్ల కూలి కూడా అడగాలి. పక్క రాష్ట్రంతో సమానంగా ఇవ్వండి, తేడా రాష్ట్రం భరించండి, కేంద్రంతో కొట్లాడండి.

విద్యార్థులకు ఒక పని అప్పగిస్తాం. రేపు మీ వీధిలో జాబుకార్డున్న ఇళ్లకు పోండి. పని కావాలని దరఖాస్తు రాసిపెట్టండి. పంచాయతీలో ఇచ్చి తేదీ వేసిన రసీదు తీసుకోండి. రసీదు లేదంటే ఎవరు లేదన్నారో, ఏ రోజన్నారో రాసుకుని మాకు పంపండి. మేం అచ్చు వేస్తాం.