“బాగానే ఉన్నా గానీ…” – వెల్ష్‌లో మాటలు కలిపే చిన్న మాటలు

ఈ రోజు “ఇంకా”, “లేదా”, “కానీ”, “ఎందుకంటే” లాంటి మాటలు చూద్దాం. ఇవి చిన్నవే కదా, తర్వాత చూసుకోవచ్చులే అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. దాని ఫలితం ఏంటో ముందు చెప్తాను.

నేను ఉత్తర వేల్స్‌లో, గ్వినెడ్ ప్రాంతంలో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో పని చేసేదాన్ని. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్ మొత్తంలో వెల్ష్ వచ్చినవాళ్ళు దాదాపు 17.8 శాతం, అంటే సుమారు 5,38,000 మంది. గ్వినెడ్‌లో మాత్రం 64 శాతం. అక్కడ చాలామంది పెద్దవాళ్ళకి ఇంటి భాష వెల్షే. మతిమరుపు జబ్బు ముదిరితే కొందరికి తర్వాత నేర్చుకున్న ఇంగ్లీష్ జారిపోయి, చిన్నప్పటి భాషే మిగులుతుంది.

ఒక రోజు పొద్దున్నే ఒక పెద్దావిడని “బాగున్నారా?” అని అడిగాను. ఆవిడ “డ్విన్ యౌన్, ఒన్డ్…” అంటూ ఇంకేదో చెప్పారు. “డ్విన్ యౌన్” అంటే “నేను బాగున్నాను”. నాకు తెలిసింది ఆ ముక్కే. నవ్వి, దుప్పటి సర్ది వెళ్ళిపోయాను. గంట తర్వాత వెల్ష్ వచ్చిన తోటి ఉద్యోగిని వెళ్తే, ఆవిడ తల పట్టుకుని కూర్చున్నారట. నాతో ఆవిడ చెప్పింది, “బాగానే ఉన్నా గానీ, తల నొప్పిగా ఉంది” అని!

మన అమ్మమ్మలూ అంతే కదా? ఫోన్‌లో “బాగానే ఉన్నారా, గానీ…” అంటారు. ఆ “గానీ” తర్వాతే అసలు సంగతి ఉంటుంది. వెల్ష్‌లో ఆ “గానీ”యే “ఒన్డ్”. ఇది వినపడితే అక్కడే ఆగండి. మిగతాది అర్థం కాకపోయినా, “ఇంకోసారి చెప్పండి” అని అడగొచ్చు. నేను ఆ రోజు అడగలేదు.

ఇప్పుడు రెండోది: “ఇంకా”, అంటే రెండు పేర్లని కలిపే మాట. ఇది “అ”. తర్వాత అచ్చు వస్తే “అగ్” అవుతుంది. నారింజ, ఆపిల్ అనడానికి “ఓరెన్ అగ్ అవల్”. రాసేటప్పుడు చివర ‘సి’ అక్షరం ఉంటుంది, పలికేది మాత్రం ‘గ్’.

అసలు తమాషా ఏంటంటే, “అ” తర్వాత వచ్చే మాట మొదటి అక్షరమే మారిపోతుంది. క, ప, ట లు ఖ, ఫ, థ లవుతాయి. కాఫీ “కోఫి”, కానీ టీ, కాఫీ అంటే “టే అ ఖోఫి”. ఈ ‘ఖ’ హైదరాబాదులో ఉర్దూ “ఖబర్” అన్నట్టు గొంతులోంచి రావాలి. మిరియాలు “పిపిర్”; ఉప్పు, మిరియాలు అంటే “హాలెన్ అ ఫిపిర్”. ఇక్కడ ‘థ’ ఇంగ్లీష్ “థింక్”లో లాగా.

మూడోది “లేదా”: “నై”. దీని తర్వాత ఇంకో రకం మార్పు. క, ప, ట లు గ, బ, డ లుగా మెత్తబడతాయి. టీయా కాఫీయా అంటే “టే నై గోఫి”. మారే అక్షరాలు ఇంకా ఉన్నాయి, ఈ రోజుకి ఈ మూడూ చాలు.

ఇదేం గొడవ అంటారా? కూర, కాయ కలిస్తే మనం ఏమంటాం? కూరగాయలు. తల్లి, తండ్రి? తల్లిదండ్రులు. క కాస్తా గ అయింది, త కాస్తా ద అయింది. స్కూల్లో గసడదవాదేశ సంధి అని బట్టీ పట్టాం, గుర్తుందా? అదీ ఇదీ ఒకటి కాదు, కానీ మాటలు కలిసేచోట అక్షరం మెత్తబడడం మన నోటికి కొత్త కాదు. అందుకే భయపడకండి.

ఇక “ఎందుకంటే”: “అఖొస్”. “డ్విన్ హాపిస్ అఖొస్ మై హిన్ బ్రావ్” అంటే “వాతావరణం బాగుంది కాబట్టి నాకు సంతోషంగా ఉంది”. మాట్లాడేటప్పుడు ఇలా అంటారు. పుస్తకాల్లో “మై” బదులు వేరే రూపం వస్తుంది.

చివరిది “ఓస్”, అంటే “ఒకవేళ”. మనం “బాగుంటే” అని క్రియ చివర తగిలిస్తాం. వాళ్ళు ముందే చెప్తారు. జాగ్రత్త, “ఓస్” తర్వాత “మై” రాదు. “ఓస్ అడి హిన్ బ్రావ్” అనాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

హోంవర్క్: “డ్విన్ యౌన్, ఒన్డ్…” అని మొదలుపెట్టి, మిగతాది మీకు నిజంగా ఉన్నదే చెప్పండి. సగం తెలుగులో అయినా పర్లేదు. ఈ రోజు ఇంట్లో ఎవరైనా “బాగానే ఉన్నా గానీ” అంటే, పక్కన కూర్చుని మిగతాది కూడా వినండి. హుయిల్, మళ్ళీ కలుద్దాం!