కొత్త దారి వేయండి, పాత దారి మూయకండి

(17 డిసెంబరు 2025, పింఛనుదారుల దినం సందర్భంగా కామారెడ్డిలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. 35 సంవత్సరాలు ట్రెజరీలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. బిల్లు మీద అభ్యంతరం వ్రాయటం తెలుసుగాని ఉపన్యాసం చెప్పటం తెలియదు. బ్యాంకుల్లో వచ్చిన మార్పులు, మన భద్రత అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కనుక నాకు తెలిసిన బల్ల దగ్గరనుండే మొదలుపెడతాను.

1974లో ఎల్లారెడ్డి సబ్ ట్రెజరీలో చేరాను. ఆ రోజుల్లో ఒకటో తారీఖు వచ్చిందంటే వరండా నిండా తలపాగాలు, చేతికర్రలు. పింఛనుదారు తన దగ్గరున్న పి.పి.ఓ. ప్రతి తెచ్చేవాడు. ట్రెజరీలో ఉన్న రెండో ప్రతితో దాన్ని సరిచూచేవాళ్లం. పుట్టుమచ్చలు, సంతకం లేదా వేలిముద్ర కలవాలి. మనిషి ఎదుట నిలబడాలి. అప్పుడే డబ్బు.

నిబంధన కఠినమైనదే. కాని అదే ట్రెజరీ నిబంధనల్లో ఇంకొక మాట కూడా ఉండేది. మంచం పట్టినవారు, ఘోషా స్త్రీలు స్వయంగా రానక్కరలేదు. వారు జీవించి ఉన్నారని బాధ్యతగల అధికారి సంతకం చేసిన సర్టిఫికెట్టు వస్తే చాలు. అంటే పెద్ద దర్వాజకు గడియ పెట్టినవారే పక్కన దిడ్డి దర్వాజ కూడా పెట్టారన్నమాట. కుర్ర గుమాస్తాగా నాకు దాని విలువ తెలియలేదు. డెబ్బయి దాటినాక తెలిసింది.

పాతదంతా మంచిది, కొత్తదంతా చెడ్డది అని చెప్పటానికి నేను రాలేదు. పింఛను డబ్బు ధోవతి కొంగున ముడివేసుకొని, బస్సులో చేయి తీయకుండా కూర్చొని ఊరు చేరిన పెద్దలను నేను చూచాను. ఇప్పుడు ఆ భయం లేదు. డబ్బు ఖాతాలో పడుతున్నది. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ యోజన ప్రారంభమైన తరువాత బ్యాంకు గడప తొక్కనివారికి కూడా ఖాతాలు వచ్చినవి. 2016 ఏప్రిల్ 11న యూపీఐ వచ్చింది. కామారెడ్డిలో కూరగాయలమ్మే అవ్వ ముందు కూడా ఇప్పుడు చారల బొమ్మ అట్ట ఉంటుంది. 2025 ఆగస్టు ఒక్క నెలలో దేశం మొత్తం మీద యూపీఐ లావాదేవీలు 2000 కోట్లు దాటినవి. సామాన్యమైన సంగతి కాదు.

అయితే అదే ఆగస్టు 27, 28 తేదీలలో మన కామారెడ్డిలో ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కరలేదు. రైలు కట్ట కొట్టుకుపోయింది. 44వ నంబరు జాతీయ రహదారి దెబ్బతిన్నది. మా వీధిలో కరెంటు పోయింది, దానితో ఫోను కూడా పోయింది. ఖాతాలో పింఛను ఉన్నది, చేతిలో పాల ప్యాకెట్టుకు పైసలు లేవు. బియ్యం డబ్బాలో మా ఆవిడ దాచిన నోట్లే ఆ రెండు రోజులు మమ్మల్ని గట్టెక్కించినవి. ఆమె ముందు నా యూపీఐ గొప్పలు అప్పటినుండి తగ్గించుకున్నాను.

వాన సంగతి రెండు రోజుల ముచ్చట. మా చెల్లె సంగతి అట్లాంటిది కాదు. ఆమె ఎల్లారెడ్డిలో ఉంటుంది. మా బావ అటెండరుగా చేసి కాలం చేశాడు. ఆమెకు కుటుంబ పింఛను వస్తుంది. 2023లో జీవన ప్రమాణ పత్రం కోసం వేలిముద్ర వేయటానికి ఒక కేంద్రానికి పోయింది. వేలు పడలేదు. రేపు రమ్మన్నారు. మూడుసార్లు తిరిగింది. కాగితం మీద ఇచ్చే పద్ధతి కూడా ఉన్నదని అక్కడ ఎవ్వరూ చెప్పలేదు. గడువు దాటింది, పింఛను ఆగింది. తనదే ఏదో తప్పనుకొని ఆమె నాకు చెప్పలేదు. బీ.పీ. గోలీలకు పక్కింట్లో బదులు తెచ్చుకున్నది. రెండు నెలలకు నేను పోయి అడిగితే, "మిషను నన్ను గుర్తుపడ్తలేదన్నా. నలభై ఏండ్లు బీడీలు చుట్టిన వేళ్లు, గీతలేడుంటయి?" అన్నది.

ఆమెను వెంటబెట్టుకొని కార్యాలయానికి పోయాను. కాగితం నింపాము. మనిషిని చూచారు, సంతకం అయింది, బకాయితో సహా పింఛను వచ్చింది. పట్టింది అరగంట. దిడ్డి దర్వాజ ఉన్నది, దాని ముందు ఎవరో అలమారు జరిపిపెట్టారు, అంతే.

2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ ప్రారంభమైంది. 2021 నవంబరులో ముఖం చూచి గుర్తుపట్టే పద్ధతి కూడా దానికి చేర్చారు. మంచిదే. వేలు అరిగినవారికి ముఖం, ఫోను లేనివారికి కాగితం, నడవలేనివారికి ఇంటికే మనిషి. ఇట్లా ఒకటి కాకపోతే ఇంకొకటి ఉండాలె. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీకి, సామాజిక పింఛన్లకు వేలిముద్ర స్మార్ట్ కార్డులు పెట్టినప్పుడు కూడా, కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లింపు ఆపలేదు. డబ్బు త్వరగా చేరిందనీ, మధ్యలో తినేవారు తగ్గారనీ పరిశోధకులు తేల్చారు. దిడ్డి దర్వాజ తెరిచి ఉంచినందువల్ల ఇల్లు దోపిడీ కాలేదు.

ఇక నా సంగతి. చెప్పటానికి సిగ్గుగానే ఉన్నది. 2024 నవంబరులో ఒక ఫోను వచ్చింది. "ట్రెజరీ నుండి సార్, మీ లైఫ్ సర్టిఫికెట్టు చేరలేదు, ఈ నెల పింఛను ఆగుతుంది, మీ ఫోనుకు వచ్చిన ఆరంకెలు చెప్పండి" అన్నాడు. నా పి.పి.ఓ. నంబరు కూడా అతనే చెప్పాడు. ట్రెజరీలోనే పండిపోయిన నేను నాలుగు అంకెలు చదివాను. మా మనుమరాలు "తాతా, ఆగు!" అని ఫోను గుంజుకున్నది. మిగిలిన రెండంకెలే నన్ను కాపాడినవి.

తరువాత చాలా ఆలోచించాను. నేనెందుకు పడిపోయాను? ఆశకు కాదు, భయానికి. చెల్లె పింఛను ఆగటం నా కండ్లతో చూచాను గదా! మోసగాడు అమ్మింది ఆ భయాన్నే. ఏ.టి.ఎం. వాడరాక, కార్డూ పిన్నూ పక్కింటి పిల్లవానికి ఇచ్చే పెద్దమనిషి సంగతీ ఇంతే. పాత దారి ఎక్కడ మూసుకుపోతుందో అక్కడే దొంగకు దారి తెరుచుకుంటుంది. అందరినీ కలుపుకుపోవటం ఒక పని, భద్రత వేరొక పని అనుకుంటారు. రెండూ ఒకటే అని నా మనవి.

మన స్టాంపుల గదికి రెండు తాళాలుండేవి. ఒక చెవి అధికారి దగ్గర, రెండోది వేరొక బాధ్యుని దగ్గర. రెండూ ఒకే చేతిలో పడరాదు. నేటి పిన్ను, ఓ.టి.పి. కూడా ఆ రెండు చెవులే. అధికారి అడిగినా, ఆఖరుకు అల్లుడు అడిగినా ఇవ్వవద్దు. పోలీసు వేషంలో ఫోనులో కనబడి డిజిటల్ అరెస్టు అని బెదిరిస్తే నమ్మవద్దు. అటువంటి అరెస్టు చట్టంలోనే లేదు.

ఒకవేళ డబ్బు పోతే ఇంట్లో తిడతారని దాచవద్దు. వెంటనే 1930కి ఫోను చేయండి, ఆ వెంటనే బ్యాంకుకు చెప్పండి. బ్యాంకుకు తెలిపిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదేనని 6 జూలై 2017 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు చెప్పింది. కనుక ప్రతి నిమిషానికీ విలువ ఉన్నది.

అదే సంవత్సరం నవంబరు 9న ఇంకొక ఉత్తర్వు వచ్చింది. వృద్ధులకు స్పష్టంగా గుర్తించిన కౌంటరు ఉండాలనీ, 70 దాటినవారికీ, నడవలేనివారికీ ఇంటివద్దనే నగదు ఇవ్వటం, జీవన ప్రమాణ పత్రం తీసుకోవటం వంటి సేవలు అందించాలనీ అందులో ఉన్నది. ఈ సభలో ఎందరికి తెలుసు? చేతులెత్తమంటే నేను కూడా నిరుడు ఎత్తగలిగేవాణ్ణి కాను. ఆ సేవలు ఇమ్మని అడగండి. బ్యాంకు వినకపోతే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 14448కి ఫోను చేస్తే దారి చెబుతారు.

సంఘానికి నా విన్నపాలు రెండు. నవంబరు నెలలో ఫోను తెలిసిన ఇద్దరిని ప్రతి మండలంలో కూర్చోబెట్టండి. కొడుకులూ బిడ్డలూ దూరాన ఉన్నవారికి వారే కొడుకులూ బిడ్డలూ. రెండవది, పత్రం అందక పింఛను ఆగిన ప్రతి ఒక్కరి ఇంటికి మనలో ఒకరు పోవాలె. మా చెల్లెకు అన్న ఉన్నాడు, అందరికీ ఉండడు.

1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీం కోర్టు పింఛను దయాభిక్ష కాదు, హక్కు అన్నది. వేలిగీతలు అరిగినంత మాత్రాన హక్కు అరగదు. కొత్త దారి తప్పక వేయండి, మేమూ నడుస్తాము. పాత దారి మాత్రం మూయకండి, మాలో కొందరు ఇంకా దాని మీదనే ఉన్నారు.